కుందేలు చెయ్యి దించాక

కంచంలో అన్నం ఎండిపోతోంది. భానుశ్రీ ముట్టలేదు.

పొద్దున్నుంచి ఆ ఇంట్లో గొడవంతా ఆ కంచం చుట్టూనే తిరుగుతోంది. చెంగమ్మ మళ్ళీ మళ్ళీ వేడి చారు తెచ్చి పోసింది. మజ్జిగ మిరపకాయలు వేయించి పక్కన పెట్టింది. ఆఖరికి తానూ తినకుండా గోడకు ఆనుకుని కూర్చుంది. మునస్వామి మాత్రం ఆ వైపు చూడకుండా వాలుకుర్చీలో పేపరు చదువుతున్నాడు. చదువుతున్నాడు అనడం మర్యాదకు. అది నిన్నటి పేపరు.

"మా నాయన వచ్చి కన్యాదానం చేస్తేనే పీటల మీద కూర్చుంటాను" అని భానుశ్రీ నిన్న సాయంత్రం అంది. అంతవరకు 'మా నాయన' అనే మాట ఆమె నోట ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. మేనమామ ఇంట్లో పెరిగి, మేనమామ కొడుకు ప్రతాప్‌నే చేసుకోబోతున్న పిల్ల. తండ్రి పెంచలయ్య బతికే ఉన్నాడనీ, చిత్తూరులో మామిడికాయల మండీలో కాటా దగ్గర పనిచేస్తున్నాడనీ అందరికీ తెలుసు. తెలిసీ ఎవరూ ఎత్తని సంగతి అది.

పెంచలయ్య బదులు కన్యాదానం చేయడానికి మునస్వామి తన పెదనాయన కొడుకు శాంతయ్యను ఒప్పించాడు. శుభలేఖలో 'కీర్తిశేషులు పంకజాక్షి కుమార్తె' అని మాత్రమే వేయించాడు. తండ్రి పేరు ఉండాల్సిన చోట అచ్చాఫీసువాడు ఒక పువ్వు బొమ్మ వేశాడు. ఆ పువ్వును చూసిన దగ్గర్నుంచి భానుశ్రీకి ముద్ద దిగడం లేదు.

"వాడు పందిట్లో అడుగు పెడితే నేను పందిట్లో ఉండను" అన్నాడు మునస్వామి పేపరు వెనకనుంచి.

"ఎందుకు మామా?"

"ఎందుకని నన్ను అడగబాక. రోగంతో ఉండే పెండ్లాన్ని బస్టాండులో పడేసి, ఆ పాపం నా నెత్తిన రుద్దాలని చూసినోడు వాడు. పంచాయితీలో అందరి ముందర నిలబడి అంత అబద్ధం చెప్పినోడు."

"ఏం అబద్ధం చెప్పినాడు?"

మునస్వామి పేపరు తిరగేశాడు. చెంగమ్మ చారు గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

భానుశ్రీ ఈ ప్రశ్న వేయడం కొత్త కాదు. పెద్దమనిషి అయిన ఏడు అడిగింది. ఇంటర్ పాసైన రోజు అడిగింది. ఎప్పుడడిగినా వచ్చే జవాబు ఒకటే, అది చెప్పుకునే మాట కాదులే అని. ఆమెకు తెలిసిందల్లా బంధువుల ఇళ్ళల్లో ఆ చెవినా ఈ చెవినా పడింది మాత్రమే.

తల్లి పంకజాక్షికి జ్వరం పట్టి వదల్లేదు. తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని చిత్తూరు డాక్టరు చెప్పాడు. మామిడి సీజను, యజమాని మండీ వదిలి కదలనివ్వలేదు గనక తాను ఆమెను ఒంటరిగా తిరుపతి బస్సు ఎక్కించాననీ, అక్కడ ఆమె అన్న ఇంటి తలుపు తట్టితే ఎవరూ తీయలేదనీ, తిరిగొచ్చి చిత్తూరు బస్టాండులో పడిపోయిందనీ పెంచలయ్య పెద్దమనుషుల ముందు చెప్పాడు. అసలు చెల్లెలు తన ఇంటికి రానే లేదని మునస్వామి అన్నాడు. ఆ రోజంతా మేమందరం ఇంట్లోనే ఉన్నామన్నాడు. అనడమే కాదు, కాణిపాకం వెళ్ళి, తలస్నానం చేసి, తడిబట్టలతో వినాయకుడి ఎదుట కర్పూరం ఆర్పి ప్రమాణం చేశాడు.

కాణిపాకంలో ప్రమాణం చేశాక దాని మీద ఇంకో మాట ఉండదు. పెంచలయ్య ఆ రోజుతో అబద్ధాలకోరు అయిపోయాడు. వేసవి సెలవులకని మేనమామ ఇంటికి వచ్చి ఉన్న ఆరేళ్ళ భానుశ్రీ ఆ ఇంట్లోనే ఉండిపోయింది. తండ్రి ఒకసారి వీధి చివర నిలబడి ఉండగా చూసిన గుర్తు ఆమెకు ఉంది. చేతిలో మామిడికాయల సంచీ ఉంది. ఎవరో వెళ్ళి ఏదో అన్నారు. ఆయన సంచీతోనే వెనక్కి వెళ్ళిపోయాడు.

అన్నం గొడవ చాలదన్నట్టు ఇంకో గొడవ లేచింది. చెంగమ్మ వంటింట్లోంచే, తొలి శుభలేఖకు పసుపు అద్ది పెట్టానని, రేపు కాణిపాకం తీసుకెళ్ళి దేవుడి ముందు పెట్టి రావాలని అంది. వాళ్ళ వంశంలో ఏ పెళ్ళికైనా తొలి పత్రిక ఆ దేవుడికే.

మునస్వామి దానికి ఒప్పుకోలేదు. పక్కనే కొండ మీద దేవుణ్ణి పెట్టుకుని అంత దూరం బస్సులో పడి పోవడం ఎందుకని అడిగాడు. చెంగమ్మ గరిటెతో కూర కలుపుతూనే ఉంది. ఆమె ప్రతి సంకటహర చవితికీ పొద్దంతా పస్తు ఉంటుంది. కానీ కాణిపాకం వెళ్ళినప్పుడల్లా ఆ గుడి బయట చెప్పుల దగ్గరే కూర్చుంటుంది, లోపలికి రాదు. ఈ వింత భానుశ్రీకి చిన్నప్పటినుంచీ తెలుసు. మోకాళ్ళ నొప్పులని అత్త చెబితే నమ్మింది. తిరుమలకు నడిచి ఎక్కే మనిషికి కాణిపాకంలో మాత్రమే మోకాళ్ళు ఎందుకు నొప్పెడతాయని ఏ రోజూ అనుకోలేదు. పెంచినవాళ్ళ మీద ఎవరు అనుమానపడతారు?

సరిగ్గా అప్పుడు ప్రతాప్ స్కూటరు వీధిలో ఆగింది.

ప్రతాప్ రేణిగుంటలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. మంచివాడు. మంచివాళ్ళలో ఒక రకం ఉంటారు, ఇంట్లో ఇద్దరు మాట్లాడుకోకపోతే తట్టుకోలేరు. ఏదో ఒకటి చేసి అందరినీ నవ్వించేస్తే లోపలి కారణం కూడా మాయమైపోతుందని నమ్ముతారు. నిన్నటినుంచి అతను అన్నం తిన్నాడు గానీ నిద్రపోలేదు. తండ్రినీ ఏమీ అనలేడు, భానుశ్రీనీ ఏమీ అనలేడు. అందుకని స్కూటరు వేసుకుని వెళ్ళి, తువ్వాలులో చుట్టిన ఒక పాత వీసీఆర్‌ను, దాంతోపాటు రెండు పెద్ద స్పీకర్లను మోసుకొచ్చాడు.

"అమ్మా, అటక మీద సున్నం కొట్టేటప్పుడు ఏం దొరికిందో చూడు" అని సంచీలోంచి ఒక క్యాసెట్ తీశాడు. పైన అంటించిన కాగితం మీద అక్షరాలు సగం చెరిగిపోయాయి. 'ఉడతల సంసారం' అని మునస్వామి చేతిరాత.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

మునస్వామి పేపరు దించాడు. అది బూజు పట్టి ఉంటుందని, పెడితే మిషను పాడైపోతుందని అన్నాడు. కుప్పయ్యన్న రీలంతా తుడిచి ఇచ్చాడని ప్రతాప్ చెప్పాడు. కుప్పయ్య ఒకప్పుడు మునస్వామి దగ్గర స్తంభాలెక్కి కేబుల్ లాగినవాడు, ఇప్పుడు బస్టాండు దగ్గర సీడీల షాపు నడుపుతున్నాడు. ఇంట్లో అందరం ఒకసారి చూశాక దీన్ని సీడీకి ఎక్కించి ఇస్తాడని, పెళ్ళికి ముందురోజు సాయంత్రం పందిట్లో తెర కట్టి వేస్తే బంధువులందరూ పడీ పడీ నవ్వుతారని ప్రతాప్ ఆలోచన.

"భానూ, నువ్వు చూసి ఎన్నేండ్లయిందో. రా, ఇట్ల కూర్చో" అన్నాడు.

ఆ క్యాసెట్ సంగతి ఆ వీధుల్లో పెరిగిన పిల్లలందరికీ తెలుసు. డిష్షులు కొత్తగా వచ్చిన రోజుల్లో మునస్వామి తిరుచానూరు రోడ్డు వైపు నాలుగు వీధులకు కేబుల్ నడిపేవాడు. కువైట్‌నుంచి వచ్చిన వాళ్ళెవరో ఒక బొమ్మల సినిమా క్యాసెట్ ఇచ్చారు. చెట్టు తొర్రలో కాపురముండే ఉడతల కుటుంబం కథ. సోమరి తండ్రి, నోరున్న తల్లి, తిండిపోతు కొడుకు, అల్లరి చిన్నపిల్ల. బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి గానీ మాటలు ఏ భాషో ఎవరికీ తెలియలేదు. అయితే మనమే మాట్లాడదాం అన్నాడు మునస్వామి. ఆ రోజుల్లో ఆయన అలాంటి మనిషి.

బొమ్మను అలాగే ఉంచి మాటలు మాత్రం కొత్తగా ఎక్కించే మీట ఆయన వీసీఆర్‌కు ఉండేది. ఇంటినే స్టూడియో చేశాడు. ఫ్యాను ఆపేసేవాళ్ళు. కిటికీలు మూసి బొంతలు వేలాడదీసేవాళ్ళు. వీసీఆర్ గుర్రుమనే చప్పుడు పడకూడదని మైకును దానికి దూరంగా తీసుకెళ్ళి వీధి తలుపు గొళ్ళేనికి కట్టేవాళ్ళు. తండ్రి ఉడత మునస్వామి, తల్లి ఉడత చెంగమ్మ, కొడుకు ఉడత ప్రతాప్. సెలవులకు వచ్చిన భానుశ్రీ చిన్న ఉడత.

కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు గనక ఒక నియమం పెట్టుకున్నారు. మొదలుపెడితే సీను అయ్యేదాకా ఆపకూడదు. ఎవరొచ్చి తలుపు తట్టినా ఎవరూ లేవకూడదు. కేబుల్ నడిపేవాడి ఇంటికి తలుపు తట్టేవాళ్ళకు కొదవ ఏముంది? బొమ్మ రాలేదనీ, గీతలొస్తున్నాయనీ పొద్దస్తమానం ఎవరో ఒకరు వస్తూనే ఉండేవాళ్ళు.

ఆ క్యాసెట్ ఎన్ని మధ్యాహ్నాలు ఎన్ని ఇళ్ళల్లో ఆడిందో లెక్క లేదు. అందులో చిన్న ఉడత అనే ఒక మాట వీధులన్నీ పాకింది. భానుశ్రీకి బళ్ళో అదే పేరు పెట్టారు. ముందు పళ్ళు ఊడిన నోటితో ఆమె అన్న ఆ మాటను, పెద్దదయ్యాక కూడా, ఎవరింటికి వెళ్ళి తలుపు తట్టినా లోపలినుంచి ఎవరో ఒకరు అని నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది.

ప్రతాప్ స్పీకర్లను టీవీకి రెండు వైపులా పెట్టి వైర్లు తగిలించాడు. ఎండ తగులుతోందని వీధి తలుపు మూశాడు. మునస్వామి కుర్చీ చివరికి జరిగి కూర్చున్నాడు. చెంగమ్మ వంటింటి గడప దాటి రాలేదు.

తెర మీద గీతలు గీతలుగా అడవి వచ్చింది. చెట్టు వచ్చింది. తొర్రలోంచి తండ్రి ఉడత ఆవులిస్తూ బయటికి చూసి, మునస్వామి గొంతుతో, "ఏమ్మే, టిఫను ఏం చేసినావు?" అని అడిగింది.

ఆ గొంతు విని భానుశ్రీ తల ఎత్తింది. ఎంత కులాసాగా ఉంది ఆ గొంతు. ఇప్పటి మామ గొంతుకు దానికి చుట్టరికమే లేదు. తల్లి ఉడత చెంగమ్మ యాసలో దులిపేసింది. కొడుకు ఉడత నేరేడుపళ్ళు దొంగిలించి నాలుక నల్లగా చేసుకుని, తినలేదని ఒట్టేసింది. ఆ ఒట్టును పదకొండేళ్ళ ప్రతాప్ ఏడుపు గొంతుతో వేస్తుంటే, పక్కనున్న పెద్ద ప్రతాప్ సిగ్గుపడి తల గోక్కున్నాడు.

భానుశ్రీ నవ్వింది. తనకే తెలియకుండా నవ్వేసింది. నవ్వుతూ కంచం దగ్గరికి లాక్కుని, ఎండిన అన్నంలో చారు కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. గడపలో నిలబడ్డ చెంగమ్మ కళ్ళు తుడుచుకుంది. ప్రతాప్ అమ్మ వైపు చూసి కనుబొమలెగరేశాడు, చూశావా నా తెలివి అన్నట్టు.

తెర మీద అడవి దారిలో ఒక లావుపాటి కుందేలు గొడుగు ఊపుకుంటూ వస్తోంది. చుట్టపు చూపుగా వచ్చి నెలల తరబడి తిష్ట వేసే కుందేలు. దాన్ని చూసి ఉడతలన్నీ మంచం కిందికి దూరాయి.

మునస్వామి లేచాడు. కాళ్ళు కడుక్కుని వస్తానన్నాడు.

"ఈ పొద్దు పోనిచ్చేది లేదు నాయనా" అని ప్రతాప్ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. "ఎప్పుడు చూసినా ఈడికి రాంగానే లేచిపోతావు. అసలు కామెడీ అంతా ఈడనే కదా ఉండేది."

నవ్వుతూనే అన్నాడు. కానీ అది నిజమేనని భానుశ్రీకి అప్పుడు తట్టింది. చిన్నప్పుడు ఎన్నిసార్లు ఈ క్యాసెట్ చూసినా ఈ చోట మామ గదిలో ఉండేవాడు కాదు.

కుందేలు తలుపు తట్టింది. ఠక్, ఠక్, ఠక్. చెంగమ్మ పప్పుగుత్తితో పీట మీద కొట్టిన చప్పుడు అది. కుందేలు చెయ్యి దించి గొడుగు చంకలో పెట్టుకుంది.

చెయ్యి దించాక కూడా చప్పుడు ఆగలేదు.

వీధుల్లో పిల్లలందరికీ తెలిసిన తప్పే ఇది. కుందేలు చెయ్యి కిందుంటే తలుపెట్లా మోగుతుందని అప్పట్లో వాళ్ళు పగలబడి నవ్వేవాళ్ళు. ప్రతాప్ ఇప్పుడూ నవ్వాడు. "అమ్మా, నువ్వు ఎక్కువ కొట్టేసినావు చూడు" అన్నాడు.

భానుశ్రీ నవ్వలేదు. పాత టీవీ చిన్న స్పీకరులో అన్నీ ఒకేలా వినిపించేవి. ఈ పెద్ద స్పీకర్లలో రెండు చప్పుళ్ళూ వేరువేరుగా తెలుస్తున్నాయి. పీట మీద పప్పుగుత్తి చప్పుడు పొడిగా ఉంది. రెండో చప్పుడు అరచేత్తో కొట్టేది. మెత్తగా, గొళ్ళెం గలగలమంటూ, మైకు పక్కనే.

దాని వెనక ఒక గొంతు.

"అన్నా... నేను, పంకజను. తలుపు తియ్యన్నా."

ఆ వెంటనే మంచం కిందనుంచి చిన్న ఉడత, ఊడిన పళ్ళ సందుల్లోంచి గాలి పోతుండగా, గొంతు చించుకుని అరిచింది. "ఇంట్లో ఎవురూ లేరు!"

నవ్వులు. మునస్వామి నవ్వు, చెంగమ్మ నవ్వు, ప్రతాప్ కిచకిచ, అన్నిటికన్నా పైన భానుశ్రీ నవ్వు. అరచేతి చప్పుడు ఆగిపోయింది. "ఎవురూ లేరా? సరే, అయితే" అని కుందేలు మునస్వామి గొంతుతోనే అనుకుని, గొడుగు తీసుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

ప్రతాప్ ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. అది ఎలా తీసేయాలో అతనికి తెలియలేదు.

భానుశ్రీ ఎంగిలి చెయ్యి కంచంలోనే ఉంచి, ఎడమ చేత్తో వీసీఆర్ మీట నొక్కి వెనక్కి తిప్పింది. కుందేలు వెనక్కి నడుచుకుంటూ వచ్చింది. మళ్ళీ తట్టింది. చెయ్యి దించింది. మళ్ళీ ఆ గొంతు. ఆమె ఇంకోసారి తిప్పింది.

తల్లి గొంతు ఎలా ఉండేదో భానుశ్రీకి గుర్తులేదు. ఫొటో ఒకటి ఉంది. నీలం రంగు చీర ఒకటి ఉంది. గొంతు లేదనే ఇన్నాళ్ళూ బాధపడింది. నిద్రపట్టనప్పుడు అది ఎలా ఉండేదోనని ఊహించుకునేది. తీరా వింటే అలసిపోయిన గొంతు, పెద్దగా పిలవడానికి కూడా ఓపిక లేని గొంతు. దాన్ని దాటి తన కేక.

"ఇంక చాల్లే భానూ" అని ప్రతాప్ టీవీ కట్టేశాడు.

భానుశ్రీ మునస్వామి వైపు తిరిగింది.

"మామా, నీకు తెల్సా ఇది?"

మునస్వామి నేల వైపు చూస్తున్నాడు. పేపరు ఒళ్ళోంచి జారి కింద పడింది. దాన్ని తీయడానికి వంగి, తీయకుండానే మళ్ళీ వెనక్కి వాలాడు. ఆ మనిషి నోరు తెరవడం, మూయడం కనిపిస్తోంది.

"నీకు తెల్సు. తెల్సు గాబట్టే ఈడికి రాంగానే లేచిపోతాండావు."

"ఆయన్ను అడగబాక" అంది చెంగమ్మ.

ఆమె గడప దిగి వచ్చి హాలు మధ్యలో నేల మీద కూర్చుంది. మొగుడి వైపు చూడకుండా, మేనకోడలి వైపు కూడా చూడకుండా, కట్టేసిన టీవీ వైపు చూస్తూ చెప్పింది. కాణిపాకంలో కర్పూరం ఆర్పిననాడు ఆయనకు ఏమీ తెలియదు. ఆ పొద్దు తలుపు కొట్టింది కేబుల్ రాలేదని వచ్చిన వాళ్ళెవరో అనే అనుకున్నారు. మాటలు పలుకుతూ నవ్వుకుంటున్న వాళ్ళ చెవికి బయటి గొంతు ఆనలేదు, తలుపుకు కట్టిన మైకు మాత్రం విన్నది. చావు దినాలు అయిపోయాక, బిడ్డను మళ్ళీ ఇంటికి తెచ్చుకున్నాక, కేబుల్లో వేసే ముందు క్యాసెట్ శుభ్రం చేద్దామని ఆయన చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి వంటింట్లోకి వచ్చి పొయ్యి దగ్గర కూలబడ్డాడు.

"అప్పుడే పోయి పెద్దమనుషులతో చెప్పేస్తానన్నాడు. నేనే వొద్దన్నాను. కాణిపాకంలో తప్పు ప్రమాణం చేస్తే అది పిలకాయల మీద పడతాదని అందురూ అంటారు. నాకుండేది ఒక్క కొడుకు. చెప్తే నిన్ను కూడా తీసుకోనిపోతారు. ఆయన నోరు మూపిచ్చింది నేను, పాపా."

ఆమె ఏడవలేదు. అన్నేళ్ళ పస్తులు ఎందుకో ఇప్పుడు అందరికీ అర్థమైంది.

అయితే క్యాసెట్‌ను కేబుల్లో ఎందుకు వేశారని ప్రతాప్ అడిగాడు. అప్పటికే వీధుల్లో పిల్లలందరికీ చెప్పేశామని, వేయకపోతే ఎందుకు వేయలేదని అడుగుతారని చెంగమ్మ అంది.

మునస్వామి ఉన్నట్టుండి లేచాడు. వీసీఆర్ దగ్గరికి వెళ్ళి క్యాసెట్ బయటికి లాగి, మూత తెరిచి రీలు వేళ్ళకు చుట్టుకోబోయాడు. ప్రతాప్ అడ్డం వచ్చి క్యాసెట్ లాక్కున్నాడు.

"నాయనా, కూర్చో" అన్నాడు.

ఆ ఇంట్లో కొడుకు తండ్రితో అలా మాట్లాడటం అదే మొదలు. మునస్వామి కూర్చున్నాడు. ఆ వాలుకుర్చీలో అంత పెద్ద మనిషి చిన్నగా అయిపోయాడు.

"కర్పూరం ఆరిపోయినాక మళ్ళా యాడ ముట్టించేది పాపా" అన్నాడు. "నిన్ను నా కండ్లలో పెట్టి సాకినాను. అంత పని చేస్తే ఈ పాపం తీరతాదేమో అనుకున్నా."

నిజంగానే కళ్ళల్లో పెట్టుకుని పెంచాడు. భానుశ్రీకి అది తెలుసు. జ్వరమొస్తే తెల్లవార్లూ మేలుకున్నది ఈ మామే. సైకిలు నేర్పింది, బస్సులో ముందు సీట్లో కూర్చోబెట్టి కొండకు తీసుకెళ్ళింది, తన కొడుకు కన్నా ముందు ఆమెకు కొత్త బట్టలు కుట్టించింది ఈ మామే. అందుకే కోపం కూడా సరిగ్గా రావడం లేదు. కోపం రాకపోవడమే ఆమెకు భరించరానిదిగా ఉంది.

"అత్తా, ఇంకొకటి చెప్పు" అంది. "పంచాయితీలో మా నాయన చెప్పిన అబద్ధం ఏంది?"

"వొద్దు చెంగమ్మా" అన్నాడు మునస్వామి.

చెంగమ్మ మొదటిసారి మొగుడి వైపు చూసింది. ఇంతకాలం ఆయన నోరు మూయించింది తాను. ఇప్పుడు ఆయన తన నోరు మూయించాలని చూస్తున్నాడు. ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది.

"ప్రాణం పొయ్యే ముందర మీ అమ్మ చెప్పిందంట బస్టాండులో. అన్న తలుపు తీయలేదు, లోపల అందురూ నవ్వతాండారు అనిందంట." అక్కడ ఆగింది. "ఇంట్లో ఎవురూ లేరని నా బిడ్డే చెప్పింది, అనిందంట."

ప్రతాప్ చేతిలోని క్యాసెట్ కింద పెట్టాడు.

"ఆ మాట పంచాయితీలో చెప్తే మీ నాయన మొగాన ఉమ్మినారు పాపా. అది బొమ్మలో మాటని మాక్కూడా అప్పుడు తట్టలేదు. ఆరేండ్ల బిడ్డ కన్నతల్లిని అట్ల పంపిస్తాదా, చేసిన పాపం చాలక బిడ్డ మీద కూడా ఏస్తాండాడు అని. ఆ తర్వాత ఆయప్ప ఇంక ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మాట బిడ్డ చెవిన పడకుండా చూసుకోండి, అదొక్కటి చాలు అని చెప్పేసి ఎల్లిపోయినాడు."

వీధి చివర మామిడికాయల సంచీతో నిలబడ్డ మనిషి భానుశ్రీ కళ్ళముందుకు వచ్చాడు. ఆయన నిజం చెప్పాడు. చెప్పి, ఉమ్మించుకుని, ఆ నిజం కూతురికి తెలియకూడదని ఇన్నేళ్ళూ అబద్ధాలకోరుగానే బతికాడు. బళ్ళో పిల్లలు ఆ మాట అని నవ్వినప్పుడల్లా తాను కూడా కలిసి నవ్విన నవ్వులన్నీ ఆమెకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

అది బొమ్మలో మాటని, ఆరేళ్ళ పిల్లకు ఏం తెలుసని, అది నీ తప్పు కాదని ప్రతాప్ అంటున్నాడు. ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. భానుశ్రీ ఆ చెయ్యి విదిలించుకోలేదు. ఆనుకోనూ లేదు. లేచి పెరట్లోకి వెళ్ళి ఎంగిలి చెయ్యి కడుక్కుని వచ్చింది.

దేవుడి గూట్లో పసుపు అద్దిన తొలి శుభలేఖ ఉంది. దాన్ని తీసుకుని తల్లి పేరు పక్కనున్న పువ్వు బొమ్మను చూసింది. శుభలేఖ తెచ్చి మునస్వామి ఒళ్ళో పెట్టింది.

"రేపు ఇది కాణిపాకానికే తీసుకోని పోవాల మామా. నువ్వే పెట్టాల. మా అమ్మ వచ్చిందని చెప్పి పెట్టాల."

మునస్వామి శుభలేఖను ముట్టుకోలేదు. అది ఆయన మోకాలి మీద అలాగే ఉంది.

భానుశ్రీ ఫోను దగ్గరికి వెళ్ళింది. మండీ నంబరు ఆమెకు నోటికి వచ్చు. ఎప్పుడో సంపాదించి, ఎన్నోసార్లు అన్ని అంకెలూ నొక్కి, చివరి అంకె దగ్గర పెట్టేసిన నంబరు అది. ఈసారి చివరి అంకె కూడా నొక్కింది. సీజనులో మండీకి ఆదివారం లేదు. ఎవరో ఎత్తారు. కాటా దగ్గరుండే పెంచలయ్యను పిలవమని అడిగింది. అవతల లారీల చప్పుడు, వేలంపాట కేకలు. ఎవరో ఆయన పేరు పెట్టి అరిచారు.

హాల్లో ముగ్గురూ ఆమెనే చూస్తున్నారు. చెంగమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

పరిగెత్తుకొచ్చిన ఆయాసంతో ఒక గొంతు వినిపించింది. "ఎవురమ్మా?"

పెళ్ళికి రమ్మని అడగాలని అనుకుంది. రేపు కాణిపాకం రమ్మని చెప్పాలని అనుకుంది. మాటలన్నీ వరసగా పెట్టుకుంది కూడా. ఆ గొంతు వినేసరికి అన్నీ పోయాయి.

"నాయనా, నేను భానూను" అంది. "ఇంట్లోనే ఉండాను. ఆ పొద్దు కూడా ఇంట్లోనే ఉండినాను నాయనా."

అవతల వేలంపాట సాగుతూనే ఉంది. పెంచలయ్య ఏమీ అనలేదు. ఫోనూ పెట్టలేదు.